ఇస్రాఫ్: ఇంటి పొయ్యి నుండి వలీమా పందిరి దాకా

పాల్వంచ చుట్టూ ఉన్న అడవులలో వేసవి మొదలవుతూనే ఇప్పచెట్లు పువ్వు రాలుస్తాయి. గూడేల నుండి కోయ స్త్రీలు, పిల్లలు తెల్లవారుజామునే లేచి, రాత్రి రాలిన పువ్వును ఒక్కొక్కటే ఏరి బుట్టలకెత్తుకుంటారు. దాన్ని వాకిట ఆరబోసి, ఎండిన తరువాత దాచుకుంటారు. ఇంట్లో గింజలు నిండుకుని, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులలో అది ఆకలికి ఆసరా అయ్యేది. గోదావరి కొండలలోని కొండరెడ్లు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఇతరులు తిని పారవేసే మామిడి టెంకను పగులగొట్టి, లోపలి జీడిని వగరు పోయేదాకా నానబెట్టి, పిండి చేసి అంబలి కాచుకునేవారు. కరువు నేర్పిన విద్య అది. ఆ విద్యను పేదరికమని చిన్నచూపు చూడడం తేలికే గాని, ఒక్క పువ్వును, ఒక్క టెంకను వృథా పోనీయని ఆ చూపులో దైవానుగ్రహం పట్ల ఉండవలసిన మర్యాద ఎంత ఉందో ఆలోచించినవారు తక్కువ.

అదే పాల్వంచ పట్టణంగా పెరిగింది. 1966లో థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ నడక మొదలైంది. తరువాత ఫెర్రో అల్లాయ్స్, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు వచ్చాయి. నెలజీతాలు, క్యాంటీన్లు, మెస్సులు, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వాటి వెంట వచ్చాయి. విద్యుత్ కేంద్రపు పాత యూనిట్లు మూతపడి, వాటి కూలింగ్ టవర్లను 2024లో కూల్చివేసినా పట్టణపు జీవన సరళి మాత్రం అలాగే నిలిచింది. ఇక్కడి విందులు ఖమ్మం, హైదరాబాదు విందులకు తీసిపోవు. విందు ముగిసిన రాత్రి హాలు వెనుక నిలిపిన డ్రముల్లో చూస్తే సగం కొరికిన మాంసం ముక్కలు, వేలు ముట్టని మీఠా, గుప్పెళ్ళకొద్దీ బిర్యానీ కనిపిస్తాయి. ఆ డ్రములకు, ఇప్పపువ్వు ఆరబోసిన వాకిలికి మధ్య దూరం కొద్ది మైళ్ళే.

ఈ వ్యర్థాన్ని కొలిచి చూడడం అవసరం. ఎందుకంటే ఎవరి పళ్ళెంలో మిగిలింది వారికి చాలా స్వల్పంగా తోస్తుంది. వలీమాకు 500 మంది వచ్చారనుకుందాం. ఒక్కొక్కరు పిడికెడు అన్నం, అంటే 50 గ్రాములు మాత్రమే పళ్ళెంలో విడిచిపెడితే 25 కిలోల వండిన అన్నమవుతుంది. బియ్యం వండితే దాదాపు మూడింతల బరువు తూగుతుంది. కనుక పారవేసినది 8 కిలోలకు పైగా బియ్యం. 2013 ఆహార భద్రతా చట్టం ఒక పేద కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు హామీ ఇచ్చే ధాన్యం 5 కిలోలు. అనగా ఒకరి నెల గ్రాసానికి మించినది ఒక్క పూటలో డ్రము పాలయింది. ఇక ఆ బియ్యానికి కావలసిన వడ్లు 12 కిలోలకు పైమాటే. ఒక కిలో వడ్లు పండడానికి పొలంలో వాననీరు, కాలువనీరు కలిపి సగటున 2,500 లీటర్లు కావాలని వరి పరిశోధకుల లెక్క. ఆ ప్రకారం పిడికెడు పిడికెడుగా పారవేసిన అన్నం వెనుక 30 వేల లీటర్లకు మించిన నీరుంది. మాంసం, నెయ్యి, వంటచెరకు, వంటవాని శ్రమ ఈ లెక్కలో చేరలేదు.

ఇది ఒక ఊరి సంగతి మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా దుకాణాలలోను, హోటళ్ళలోను, ఇళ్ళలోను 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైంది. వినియోగదారులకు అందిన ఆహారంలో ఇది దాదాపు అయిదవ వంతు. అందులో 60 శాతం ఇళ్ళలో పోయినదే. హోటళ్ళు, క్యాంటీన్లు, విందుల వాటా 28 శాతం. భారతదేశంలో ఇళ్ళ నుండి పోతున్నది తలకు ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. ఎముకలు, తొక్కలు కూడా ఈ తూకంలో ఉన్నాయనేది గుర్తుంచుకోవాలి. అయినా అయిదుగురున్న ఇంటికి ఏడాదికి రెండున్నర క్వింటాళ్ళు దాటుతుంది. ఇంకొకవైపు 2023లో ప్రపంచంలో ఆకలితో బాధపడినవారు 70 కోట్లకు పైబడే ఉన్నారు. తిండి చాలక కాదు, అందక.

దివ్య ఖుర్‌ఆన్ ఈ విషయంలో రెండు పదాలు ప్రయోగించింది. ఒకటి ఇస్రాఫ్, రెండవది తబ్జీర్. సాధారణ సంభాషణలో రెండింటినీ దుబారా అనే అంటారు గాని వీటి మధ్య భేదముంది. ధర్మసమ్మతమైన దానిలోనే హద్దు మీరడం ఇస్రాఫ్. తినదగిన పదార్థాన్నే కడుపు పట్టనంత తినడం, అవసరానికి మించి వండడం దీని కిందికి వస్తాయి. ధనాన్ని చేరకూడని చోట చేర్చడం తబ్జీర్. సత్యం కాని మార్గంలో ఖర్చు చేయడమే తబ్జీర్ అని అబ్దుల్లాహ్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) నిర్వచించారు. ఆయన తరువాతి తరం వ్యాఖ్యాత ముజాహిద్ దీన్ని మరింత స్పష్టం చేశారు. ఒకడు తనకున్నదంతా సన్మార్గంలో వెచ్చించినా అది తబ్జీర్ కాదు. గుప్పెడు ధాన్యమైనా అక్రమంగా పారబోస్తే తబ్జీరే. కాబట్టి ఇక్కడ కొలత ఖర్చు ఎంతన్నది కాదు, అది ఎక్కడికి చేరిందన్నది.

ఈ ఆదేశాలు ఏ సందర్భంలో వచ్చాయో గమనించడం మేలు. ఏడవ అధ్యాయం అల్ ఆరాఫ్‌లోని 31వ వాక్యం నమాజు వేళ చక్కగా అలంకరించుకొమ్మని చెప్పి, ఆ వెంటనే తినండి, త్రాగండి, మితం మీరవద్దు అనే భావాన్ని అందిస్తుంది. దాని తరువాతి వాక్యమే, దేవుడు తన దాసుల కొరకు పుట్టించిన మంచి వస్తువులను నిషేధించినవాడెవడని నిలదీస్తుంది. అంటే రుచికరమైన భోజనం మీద ఇస్లాం కన్నెర్ర చేయలేదు. సన్యాసం దాని మార్గం కాదు. ఇక పదిహేడవ అధ్యాయం బనీ ఇస్రాయీల్‌లో దుబారాఖర్చు చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్న వాక్యం ఒంటరిగా లేదు. బంధువుకు, నిరుపేదకు, బాటసారికి వారి హక్కు ఇచ్చివేయమన్న ఆజ్ఞకు అది కొనసాగింపు. ఆరవ అధ్యాయం 141వ వాక్యంలోనూ అదే వరుస. పంట కోసిన నాడే దాని హక్కు చెల్లించమని ముందు, ఇస్రాఫ్ వద్దని తరువాత. పారవేసిన అన్నం పారవేసినవాని సొత్తు మాత్రమే కాదనీ, అందులో ఇంకొకరి హక్కు కలిసి ఉందనీ ఈ వరుస చెబుతోంది. డబ్బు ఇచ్చి కొన్నాను, విడిచిపెడితే నీకేమని హోటలులో అనేవారికి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

దైవప్రవక్త (సల్లం) జీవితంలో ఈ సూత్రం భోజనపు బల్ల దాకా, నిజానికి బల్ల కూడా లేని తోలు పరుపు దాకా దిగివచ్చింది. క్రింద పడిన ముద్దను దుమ్ము దులిపి తినాలనీ, దాన్ని షైతానుకు వదలరాదనీ ఆయన బోధించారు. పళ్ళెం శుభ్రంగా ఊడ్చి తినమన్నారు. తిన్న ఆహారంలో ఏ భాగంలో బర్కత్ ఉందో తినేవారికి తెలియదు గనుక అని దానికి కారణం చెప్పారు. ఇవి సహీహ్ ముస్లింలో ఉన్నాయి. రొట్టెముక్క నేల రాలితే ముద్దుపెట్టుకుని గోడ మీద పెట్టే నానమ్మలు తెలంగాణా ముస్లిం ఇళ్ళలో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ అలవాటును చాదస్తమనే మనుమలు ఈ హదీసు ఒకమారు చదివితే బాగుంటుంది. అలాగే ఆయన ఏ భోజనాన్నీ ఎన్నడూ వంక పెట్టలేదు. ఇష్టమైతే తిన్నారు, కాకుంటే ఊరుకున్నారు. ఇంట్లో వండినది వ్యర్థం కావడానికి సగం కారణం ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అనే సణుగుడే కాబట్టి, ఇది ఇల్లాలి మనస్సుకే కాదు, ఇంటి సరుకుకు కూడా రక్షణ.

ఇప్పుడు వలీమా విషయానికి రావాలి. వ్యర్థం ఎక్కువగా జరిగేది అక్కడే. జరిగేది కూడా పుణ్యకార్యం పేరనే.

వలీమా సున్నత్. అబ్దుర్రహ్మాన్ ఇబ్నె ఔఫ్ (రజి) పెళ్ళి చేసుకున్నానని చెప్పినప్పుడు ఒక మేకనైనా కోసి విందు చేయమని ప్రవక్త (సల్లం) ఆయనకు సూచించారు. ఆయన మదీనాలో పేరుపడ్డ వర్తకుడు. ప్రవక్త (సల్లం) స్వయంగా సఫియ్యా (రజి)ను వివాహమాడినప్పుడు తోలుచాపలు పరిచి ఖర్జూరాలు, ఎండిన జున్ను, నెయ్యి పెట్టారు. ఆ విందులో రొట్టె లేదు, మాంసం లేదు. మరొక వివాహానికి రెండు ముద్దుల బార్లీతోనే వలీమా అయింది. ముద్దు అంటే దోసిలి నిండే కొలత. ఉన్నవాడు మేక కోశాడు, లేని పూట దోసెడు బార్లీ వండారు. రెండూ సున్నతే. వలీమా విందులన్నిటిలో చెడ్డది ధనికులను పిలిచి పేదలను వదిలిన విందు అనే మాట అబూ హురైరా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ వచ్చింది. ఒకరిని మించి ఒకరు గొప్ప చాటుకోవడానికి పోటీగా పెట్టే విందులు తినరాదన్న నిషేధం అబూ దావూద్‌లో ఉంది. ఈ చివరి హదీసును విందు ఇచ్చేవారికే కాక, వెళ్ళేవారికి కూడా వర్తింపజేసి చూస్తే శుక్రవారం రాత్రి ఎన్ని ఫంక్షన్ హాళ్ళు సగం ఖాళీ అవుతాయో!

దీనికి వచ్చే జవాబు అందరికీ తెలిసినదే. మెహమాన్‌నవాజీ ఇస్లాం నేర్పినది కాదా? ఇబ్రాహీం (అలైహి) పరిచయం లేని అతిథుల కొరకు కాల్చిన దూడను తెచ్చి ముందుంచలేదా? భోజనం చాలకపోతే ఇజ్జత్ ఏమి కావాలి? ఈ ప్రశ్నలలో నిజం లేకపోలేదు. చాలని విందు అతిథికి అవమానమే. ఈ చిక్కును తొమ్మిది శతాబ్దాల క్రితమే ఇమాం గజాలీ తమ ఇహ్యా గ్రంథంలోని భోజన మర్యాదల భాగంలో విప్పారు. అతిథి ముందు చాలినంత కన్న తక్కువ పెట్టడం పెద్దరికానికి లోపమనీ, అంతకన్న ఎక్కువ పెట్టడం కృత్రిమమైన ఆడంబరమనీ ఆయన తీర్పు. ముఖ్యంగా, పెట్టినదంతా అతిథులు తినేస్తే లోలోపల బాధపడేవాడు ఎక్కువ పెట్టడం బొత్తిగా కూడదన్నారు. మరొక మెలకువ కూడా చెప్పారు. ఇంటివారి వంతు ముందే తీసి ఉంచాలట. లేకుంటే పళ్ళేలు తిరిగి ఎప్పుడు వస్తాయా అని వారి కళ్ళు అటే ఉంటాయి. వంట చేసిన ఆడవారు చివర అడుగంటినది తినే ఇళ్ళకు ఆ మాట ఈనాటికీ తగులుతుంది.

వలీమాలో ఆహారం ఎలా మిగులుతుందో చూస్తే మొదటి దోషం ముద్దలో కాదు, పట్టికలో కనిపిస్తుంది. పూర్వం దస్తర్‌ఖ్వాన్ పరిచి, నలుగురైదుగురు ఒక పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చునేవారు. ఒక బిర్యానీ, ఒక కూర, ఒక మీఠా. ఒకరు వదిలినది ప్రక్కవారు తినేవారు. ఎంగిలి అనే అడ్డు షరీఅత్‌లో లేదు. మనిషి నోరు తగిలిన ఆహారం అపవిత్రం కాదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక పళ్ళెం, వరుసలో పది పాత్రలు. వంటమాస్టరు ప్రతి వంటకాన్నీ వచ్చినవారిలో ఎక్కువమంది తింటారనుకునే వండుతాడు. లేకుంటే ఫలానాది మాకు అందలేదన్న నింద వస్తుంది. కాని పది వంటకాలు చేసినంత మాత్రాన అతిథికి పది కడుపులు రావు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి విడవమన్న ప్రవచనాన్ని పాటించినవాడు రెండో పాత్ర దగ్గరే ఆగిపోతాడు. తక్కిన ఎనిమిది రుచి చూడడానికి పళ్ళెంలోకి, పళ్ళెం నుండి డ్రములోకి. వంటకాల సంఖ్య తగ్గించకుండా జనం లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా వ్యర్థం ఆగదు.

జనం లెక్క కూడా అంత జాగ్రత్తగా ఎవరూ వేయరు. శుభలేఖ పంచిన ప్రతి ఇంటినీ మొత్తం కుటుంబంగా లెక్క కట్టి, ఆపైన బర్కత్ కొరకని నూరు కలపడం ఆచారమైపోయింది. మూడు రోజుల ముందు ఫోను చేసి ఎంతమంది వస్తున్నారో అడగడం మర్యాదకు భంగమని కొందరు భావిస్తారు. పిలవని వానిని వెంట తెచ్చేటప్పుడు ఇంటివాని అనుమతి తీసుకోవడం ప్రవక్త (సల్లం) పాటించిన పద్ధతి అని వారికి గుర్తు చేయాలి. ఒకమారు అయిదుగురిని పిలిచిన విందుకు ఆరవవాడు వెంటబడితే, ఇతన్ని రానిస్తావా, తిరిగి పంపమంటావా అని ఆయన గృహస్థును అడిగారు. సంఖ్య అడగడం లోభితనం కాదు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు వరుసలున్న చోట రెండు వైపులా విడివిడిగా ఎక్కువ వండే బదులు, వంట ఒకచోట ఉంచి తరువులవారీగా అందిస్తే కొంత కలిసివస్తుంది. బిర్యానీని ఒకేమారు అన్ని దేగులూ దించకుండా, చివరి దేగుకు బియ్యం కడిగి ఉంచి జనాన్ని చూసి పొయ్యి మీద పెట్టడం అనుభవమున్న వంటవారికి కొత్త కాదు. చెప్పేవారు కావాలి, అంతే.

ఈ దుబారాకు చట్టంతో కళ్ళెం వేయాలని ప్రయత్నించినవారూ ఉన్నారు. పాకిస్తానులో 1997లో పెళ్ళి విందులనే నిషేధించి, పానీయాలకు మాత్రమే అనుమతిస్తూ చట్టం వచ్చింది. తరువాత అక్కడి పంజాబు రాష్ట్రం 2016లో ఒకే వంటకం అనే నియమంతో మరొక చట్టం చేసింది. జమ్మూ కాశ్మీరు ప్రభుత్వం 2017లో అతిథుల సంఖ్యకు, వంటకాల సంఖ్యకు పరిమితులు విధించింది. ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు 2021లో సులభమైన, సున్నత్ ప్రకారమైన నికాహ్ కొరకు ప్రచారం చేపట్టింది. ఇక్కడ చిక్కు వంటగదిలో లేదు. వరసకు పెదనాన్న ఇంట్లో ఎనిమిది వంటకాలు పెట్టారు గనుక చిన్నాన్న తొమ్మిది పెట్టాలి. అందుకు అప్పు చేస్తాడు. చిట్టీ పాడుకుని, వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ హరామ్ అని తెలిసి కూడా తెచ్చి, విందు చేస్తాడు. డ్రములో పడినది తొమ్మిదో వంటకం. కూతురి పెళ్ళి అయిన మూడేళ్ళకు కూడా తీరనిది దాని బాకీ. ఈ పోటీని ఆపగలిగినది పోలీసు కాదు, ఉన్నవాడే. కలిగిన కుటుంబం ఒకటి ముందుకు వచ్చి రెండు వంటకాలతో వలీమా చేస్తే, లేని ఇరవై కుటుంబాలకు తల ఎత్తుకుని అలాగే చేసే వీలు కలుగుతుంది. లేనివాడు మొదలుపెడితే దాన్ని పొదుపు అనరు, పేదరికమంటారు.

ఇంత చేసినా కొంత మిగులుతుంది. దాన్ని పేదలకు పంచితే సరిపోతుందనే ఆలోచన మంచిదే గాని, అందులో రెండు మెలికలున్నాయి. మొదటిది ఆరోగ్యానికి సంబంధించినది. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడుకుకు కూడా చావక బ్రతికి ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. మాంసం కలిసిన బిర్యానీలో ప్రమాదం మరింత ఎక్కువ. కాబట్టి రాత్రి పన్నెండు గంటలకు హాలు తాళం వేసేముందు మిగిలినది మూటకట్టి ఆసుపత్రి వరండాలో పంచడం దానమని నమ్మినవారు రోగాన్ని పంచుతూ ఉండవచ్చు. పొయ్యి మీద పొగలు కక్కుతూ, అంటే 60 డిగ్రీలకు పైన, ఉన్న ఆహారాన్ని వడ్డనకు తేకముందే వేరు చేసి, రెండు గంటలలోపు తినేవారికి చేర్చడమే క్షేమం. మిగులు ఆహారాన్ని సేకరించి పంచే సంస్థలకు జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నియమాలు రూపొందించింది. 2020 జూలై నుండి అవి అమలులోకి వచ్చాయి. హైదరాబాదు వంటి నగరాలలో ఫోను చేస్తే వచ్చి తీసుకుపోయే స్వచ్ఛంద సేవకులున్నారు. చిన్న పట్టణంలో ఆ పని మసీదు కమిటీయో, కుర్రవాళ్ళ సంఘమో పూనుకోవాలి. విందు మొదలైన గంటకే వంటశాల దగ్గర ఒకరు నిలబడి ఉండాలి, చివర వచ్చి కాదు.

రెండవ మెలిక ఇంతకన్న లోతైనది. రెండవ అధ్యాయం అల్ బఖరాలోని 267వ వాక్యం, తామైతే కళ్ళు మూసుకుని తప్ప పుచ్చుకోని నాసి వస్తువును దానానికి ఎంచుకోవద్దని హెచ్చరిస్తుంది. పళ్ళేలలో విడిచినది, రంగు మారినది, పులిసినది పేదవానికి పెట్టి పుణ్యం లెక్కించుకోవడం ఈ హెచ్చరిక కిందికి రాదా? మిగిలినది పంచడం వ్యర్థాన్ని అరికట్టే ఉపాయం మాత్రమే. అది పేదవాని హక్కు చెల్లింపు కాదు. హక్కు చెల్లించాలంటే అతన్ని విందుకే పిలవాలి. అదే దస్తర్‌ఖ్వాన్ మీద, అదే వేడి మీద. కందక యుద్ధపు రోజులలో జాబిర్ (రజి) ఇంట చిన్న మేకపిల్లతో, కొద్దిపాటి బార్లీతో వండిన విందుకు ప్రవక్త (సల్లం) కందకం త్రవ్వేవారినందరినీ పిలుచుకుని వచ్చారు. వారు తృప్తిగా తిన్న తరువాత మిగిలిన దాన్ని, నీవు తిని, ఇతరులకు కూడా పంపమని జాబిర్ (రజి) భార్యకు చెప్పారు. జనం ఆకలితో ఉన్నారన్నది ఆయన చెప్పిన కారణం. ఇంటామె తిన్నదే బయటికి వెళ్ళింది. హైదరాబాదు దబీర్‌పురా ఫ్లైఓవర్ క్రింద 2012 నుండి అజహర్ మక్సూసీ అన్నార్తులకు పెడుతూ వస్తున్న మధ్యాహ్న భోజనం ప్రసిద్ధం. అది ఎవరి పళ్ళెంలోనో మిగిలినది కాదు, వారి కోసమే వండినది.

ఇంటి సంగతి వేరు. అక్కడ మిగిలినదాన్ని వాడుకోవడంలో ఈ ప్రాంతపు ఇల్లాళ్ళకు ఎవరూ నేర్పవలసిన పని లేదు. రాత్రి మిగిలిన రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపితే మలీదా. ఎండిన రొట్టె ముక్కలు వేయించి పాలు, చక్కెర పోస్తే డబుల్ కా మీఠా. మేకకాళ్ళు పాయా అవుతాయి, ప్రేగులు చాకనా అవుతాయి. రాత్రి అన్నంలో నీళ్ళుపోసి ఉంచితే చద్దన్నం. ఈ వంటలలో కొన్ని ఇప్పుడు పెద్ద హోటళ్ళలో ఖరీదుకు అమ్ముడుపోతున్నాయంటే నవ్వు రావచ్చు. ఆ నైపుణ్యానికి ఇప్పుడు శత్రువు ఫ్రిజ్. చల్లగా ఉంది గదా అని వెనుకకు నెట్టిన గిన్నె నాలుగో రోజు వాసన వచ్చాక బయటికి వస్తుంది. పాతది ముందు, కొత్తది వెనుక అనే ఒక్క క్రమం పాటిస్తే, మిగిలిన కూరను రేపటి పొయ్యికి ముందు గుర్తు చేసుకుంటే చాలా వరకు సరిపోతుంది. రమజానులో ఇఫ్తార్‌కు ముందు ఆకలి మీద కొన్న పండ్లు, పకోడీలు, సమోసాలు మగ్‌రిబ్ తరువాత ఎవరికీ వద్దైపోతాయి. బజారుకు అసర్‌కు ముందే వెళ్ళడం మంచిదని అనుభవజ్ఞులు అంటారు. కూర వండేటప్పుడు నీరు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని అబూ జర్ (రజి)కు ప్రవక్త (సల్లం) చేసిన సూచన ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగింది. పొరుగింటికి గిన్నె వెళ్ళి రావడం ఉన్న వీధిలో ఫ్రిజ్‌లో పాసిపోయేది తక్కువ.

బక్రీద్ మాంసం విషయంలో ప్రవక్త (సల్లం) కాలంనాటి ఒక సంఘటన ఎంతో బోధిస్తుంది. ఒక సంవత్సరం పండుగకు ఎడారి పల్లెల నుండి బీదలు మదీనాకు వచ్చారు. ఆ ఏడు ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి నిల్వచేయవద్దని, మిగిలినది పంచివేయమని ఆజ్ఞ అయింది. మరుసటి ఏడు ఎవరో సందేహం అడిగితే, ఆ బీదల కొరకే అప్పుడు వద్దన్నాను, ఇప్పుడు తినండి, దాచుకోండి, దానం చేయండి అని అనుమతించారు. ఆయిషా (రజి) చెప్పిన ఈ వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఊరిలో ఆకలి ఉన్నప్పుడు నిల్వ కూడదు, లేనప్పుడు నిల్వ మేలు. పండుగ తరువాతి మూడు రోజులకు తష్రీఖ్ దినాలని పేరు రావడానికి అరబ్బులు ఆ రోజులలో మాంసాన్ని ఎండబెట్టుకోవడం ఒక కారణంగా చెబుతారు. తెలంగాణా పల్లెలలో ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరవేసే ఒట్టి తునకలు కూడా ఆ పద్ధతే. తోలు పారవేయవద్దనే బోధ కూడా హదీసులో ఉంది. చచ్చిన మేకను చూసి, దీని తోలునైనా ఎందుకు ఉపయోగించుకోలేదని ప్రవక్త (సల్లం) అడిగారు. తోలు ధర పడిపోయిందని మసీదు వెనుక గోతిలో పూడ్చే చోట్ల దీన్ని తిరిగి ఆలోచించాలి.

ఇక హోటళ్ళు. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దారి యాత్రికుల దారి, కార్మికుల దారి. ఇక్కడి మెస్సులలో వ్యర్థం పుట్టేది వడ్డనలో. అడగకముందే అన్నం మీద అన్నం, పప్పు మీద పులుసు వేయడం ఉదారతగా చెల్లుతుంది. ఫుల్ మీల్స్ ఆకలి ఉన్నవానికి, లేనివానికి ఒకటే ధర, ఒకటే రాశి. దీన్ని మార్చడం యజమానికి నష్టం కాదు. ప్లేట్ మీల్స్, హాఫ్ బిర్యానీ ధరపట్టికలో పైన కనబడేలా రాయాలి. మొదట కొద్దిగా వేసి, రెండోమారు అడిగి వేయమని వడ్డించే కుర్రవానికి చెప్పాలి. రైతా, సాలన్ పొట్లాలు కావాలా అని అడిగి పార్సిలులో పెట్టాలి. మిగిలినది కట్టి ఇమ్మని అడగడానికి గిరాకీ సిగ్గుపడకుండా యజమానే ముందు అడగాలి. వీటన్నిటికన్నా ఫలితమిచ్చేది ఒక సాధారణ తూనిక. రోజూ రాత్రి మూడు బకెట్లు విడిగా తూయాలి. కోసేటప్పుడు పోయినది ఒకటి, వండి అమ్ముడుపోనిది ఒకటి, పళ్ళేలలో మిగిలినది ఒకటి. మొదటిది ఎక్కువైతే దోషం కత్తిపీటది, రెండవదైతే అంచనాది, మూడవదైతే వడ్డనది. పది రోజుల చిట్టా రాసుకుంటే మంగళవారం ఎన్ని కిలోలు తగ్గించి వండాలో ఎవరినీ అడగనవసరం లేదు.

మనుషులు తినలేని స్థితికి చేరినది పశువులకు, కోళ్ళకు వెళ్ళవచ్చు. ప్రాణమున్న ప్రతి జీవికి చేసిన మేలుకు ప్రతిఫలముందని, దప్పిగొన్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చిన మనిషి వృత్తాంతంలో ప్రవక్త (సల్లం) చెప్పారు. అయితే ఉప్పు, నూనె, ఎముకలు వేరు చేసి ఇవ్వాలి. ప్లాస్టిక్ సంచితో సహా పారవేస్తే ఆవు ఆ సంచినీ తింటుంది. అదీ కుదరనిది, కూరగాయల తొక్కలు, టీపొడి, గుడ్డుపెంకులు మట్టిలోకి పోవాలి. పట్టణపు చెత్తకుప్పలో ఊపిరాడక కుళ్ళితే వాటి నుండి మీథేన్ వాయువు పుడుతుంది. ప్రపంచపు వేడిమికి కారణమైన వాయువులలో 8 నుండి 10 శాతం ఆహార నష్టం, వ్యర్థాల నుండే వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇంటి వెనుక మూడడుగుల గొయ్యి తీసి, తడిచెత్త ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, పైన పలుచగా మట్టి వేస్తూ పోతే రెండు మూడు నెలలకు నల్లని ఎరువు తయారవుతుంది. పాల్వంచలో ఎండుటాకులకు కొరత లేదు.